కోరస్ మనదే: గద్దర్ సభలు చూసినవాళ్ల మధ్య చేసిన ప్రసంగం

అందరికీ నమస్కారం.

నాకంటే ముందు నలుగురు మాట్లాడారు. ఆర్టీసీలో కండక్టర్‌గా పనిచేసి రిటైరైన పెద్దాయన 1990లో నిజాం కాలేజీ గ్రౌండ్‌లో జరిగిన గద్దరన్న సభ గురించి చెప్పాడు. సిరిసిల్ల నుంచి వచ్చిన అక్క బీడీలు చుడుతూ విన్న క్యాసెట్ల గురించీ, తర్వాత అదే పాటను సభలో విన్న రాత్రి గురించీ చెప్పింది. గుంటూరు జిల్లా మాస్టారు కారంచేడు హత్యల తర్వాతి రోజుల్ని గుర్తు చేశారు. చివరగా మాట్లాడిన తమ్ముడు తెలంగాణ ఉద్యమ కాలంలో, కాలేజీ పిల్లాడిగా, గద్దరన్నను మొదటిసారి చూశాడు. వీళ్ల మధ్య వయసులో ముప్పై నలభై ఏళ్ల తేడా ఉంది. రాజకీయాలు కలవవు. ఆ మాట వాళ్లే చెప్పారు.

వింటూ కూర్చున్నప్పుడు నేనొకటి గమనించాను. మాట్లాడుతూ మాట్లాడుతూ నలుగురూ ఎక్కడో ఒకచోట పాట ఎత్తుకున్నారు. ఎవరూ గద్దరన్న పాడిన చరణం పాడలేదు. అందరూ కోరసే పాడారు. ఆ రోజు జనంలో కూర్చుని తాము ఏ ముక్క పాడారో, ఇన్నేళ్ల తర్వాత ఇక్కడ మైకు పట్టుకుని అదే ముక్క పాడారు. పెద్దాయనకైతే మధ్యలో చరణం మాటలు గుర్తు రాలేదు. కోరస్ దగ్గరికి రాగానే గొంతు దానంతట అదే లేచింది. మీరూ కలిశారు. ఈ హాల్లో ఎవరూ ఎవరికీ సైగ చేయలేదు.

నేను మాట్లాడాలనుకున్నది దీని గురించే. గద్దర్ ప్రదర్శనలో సగం గద్దర్‌ది, సగం కింద కూర్చున్నవాళ్లది. మన దగ్గర ఉన్న క్యాసెట్లు, సీడీలు, యూట్యూబ్ వీడియోలు ఆయన సగాన్ని దాచాయి. రెండో సగం మీ దగ్గర మాత్రమే ఉంది. మీరు చెప్పకపోతే అది పోతుంది. నాకున్న బెంగ అదే.

ముందు ఆ ప్రదర్శన ఎలా నడిచేదో కాస్త వివరంగా చెప్పుకుందాం. చూడని పిల్లలు కూడా ఇక్కడున్నారు కదా.

సభ మొదలు కాకముందే డప్పులు మంట దగ్గరికి వెళ్లేవి. మేకతోలు చల్లబడితే వదులవుతుంది, మోత మందగిస్తుంది. కాస్త కాపితే తోలు బిగుస్తుంది, దరువు ఖంగుమంటుంది. ఎడమ చేతిలో సిటికెన పుల్ల, కుడిచేతిలో సిర్ర. సభకు వచ్చినవాళ్లు గద్దర్‌ను చూడకముందే ఈ మోత వినేవాళ్లు. ఊరి చివర ఉన్నవాళ్లకు సభ మొదలవుతోందని కబురు చెప్పింది కూడా అదే. అసలు డప్పు చావుకూ, జాతరకూ, దండోరాకూ మోగే వాద్యం. ఊళ్లో ఎవరు దాన్ని కొట్టాలో కులం తేల్చిపెట్టిన వాద్యం. దాన్ని తెచ్చి వేదిక నడిమధ్యన నిలబెట్టడంతోనే సభలో సగం మందికి ఇది తమ సభ అని అర్థమయ్యేది. మాస్టారు చెప్పిన మాట మీరు విన్నారు: ‘మా వాడ వాద్యం ముందు ఊరంతా నిలబడి వినడం నేను అదే మొదటిసారి చూశాను’ అన్నారు. ఆ ఒక్క వాక్యం ఏ వీడియోలో దొరుకుతుంది?

తర్వాత ఆయన వచ్చేవాడు. మోకాళ్ల పైకి కట్టిన గోచీ, భుజాన గొంగడి, చేతిలో కట్టె, కాళ్లకు గజ్జెలు. గొంగడి గొర్రెల కాపరిది. మన దక్కన్ గొర్రెల ఉన్నితో నేస్తారు. ఎండకూ వానకూ చలికీ అదొక్కటే. జనంలో కూర్చున్న గొర్ల కాపరి ఆ వేషాన్ని వేషం అనుకోడు. తన బట్టలే వేదిక మీద ఉన్నాయనుకుంటాడు. బ్యాంకు ఉద్యోగం చేసిన మనిషే ఈయన. 1975లో కెనరా బ్యాంకులో చేరి, 1984లో వదిలేశాడు. అంతకుముందు ఇంజనీరింగ్ చదవడానికి ఉస్మానియాకు వచ్చిన కుర్రాడు. తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు. బుర్రకథతో మొదలుపెట్టాడు. 1972లో మొదలైన జననాట్య మండలితో, అంటే నక్సలైట్ ఉద్యమ పాటల బృందంతో, పెరిగాడు. ఇవి మీకు తెలిసినవే, ఎక్కువసేపు చెప్పను.

నేను ఎక్కువసేపు చెప్పాలనుకున్నది ఆయన పాటను ఎలా మొదలుపెట్టేవాడనేది. డప్పు ఒక్కసారిగా ఆగేది. ఆయన మాట్లాడేవాడు, చాలా తక్కువ గొంతుతో. ‘అమ్మా’ అనో, ‘బిడ్డా’ అనో పిలిచి ఒక చిన్న సంగతి. ఎవరింట్లోనో పొయ్యి వెలగలేదు, ఎవరో కొడుకు ఇంటికి రాలేదు. మాట మాటగానే ఉంటూ మెల్లగా సాగేది. ఎక్కడ మాట ఆగి ఎక్కడ రాగం మొదలైందో తెలిసేది కాదు. నేను చాలాసార్లు ఆ చోటు పట్టుకుందామని శ్రద్ధగా విన్నాను. దొరకలేదు. రాగం తీసి, పల్లవి ఒకసారి తాను పాడి వెనక్కి తగ్గేవాడు. వెనక వరుసలో ఉన్న ముగ్గురో నలుగురో అందుకునేవాళ్లు. రెండోసారి ముందు వరుసల్లో పిల్లలు. మూడోసారికి అందరూ.

మూడోసారికే అందరికీ ఎలా వచ్చేది? దీనికి కారణం ఉంది. పల్లవి కొత్తదే అయినా బాణీ కొత్తది కాదు. జోలపాట, నాట్లపాట, ఒగ్గు కథ, ఊరి జాతర పాట, ఇవన్నీ జనం నోళ్లలో ముందే ఉన్నవి. సిరిసిల్ల అక్క పాడింది చూడండి, నిండు అమాసనాడు పుట్టిన ఆడపిల్ల పాట. ప్రతి పాదం చివర వచ్చే ‘ఓ లచ్చగుమ్మడి’ అన్న ముక్క పల్లె ఆడవాళ్ల పాటల్లో ఎప్పటినుంచో తిరుగుతున్నదే. ఎవరూ ఎవరికీ నేర్పనక్కర్లేదు. గద్దర్ పాదం పాడతాడు, చివర ముక్క ఆడవాళ్లు అందుకుంటారు. అలా అందుకున్నప్పుడు ఆ పాట ఎవరు పాడుతున్నట్టు?

అక్క చెప్పిన సంగతి నాకు బాగా నచ్చింది, మళ్లీ చెప్తాను. ఆ పాటలో ఆడపిల్ల పుట్టిందని అత్త తొంగి చూడదు. అక్క ఆ రాత్రి సభలో కూర్చున్నప్పుడు పక్కనే ఆమె అత్త ఉంది. అక్కకు ఇద్దరు ఆడపిల్లలు. అత్త గురించిన పాదం వచ్చింది. అక్క భయంగా పక్కకు చూసింది. అత్త కళ్లు మూసుకుని ‘ఓ లచ్చగుమ్మడి’ అంటోంది. ఇంటికి వెళ్లాక ఇద్దరూ దాని గురించి ఏమీ మాట్లాడుకోలేదట. కానీ ఆ తర్వాత అత్త పనిచేసుకుంటూ అదే పాట తీసేదట. ‘మా అత్త మారింది అని నేను చెప్పను’ అంది అక్క. ఆ నిజాయితీ నాకు ఇంకా నచ్చింది. పాట వల్ల లోకం మారిపోయిందని చెప్పుకోవడం అభిమానులకు తేలిక. ఆమె ఆ తేలిక మాట చెప్పలేదు. పాట పాడిన గొంతు తన అత్తది కూడా అని మాత్రం చెప్పింది.

ఇక నిజాం కాలేజీ గ్రౌండ్ సంగతి. 1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగల మీద దాడి జరిగింది, ఆరుగురిని చంపారు. గద్దర్ బృందం ఆ కథను ఊరూరా పాడింది. పోలీసులు ఆయన ఇంటి మీద దాడి చేశారు. ఆయన అజ్ఞాతంలోకి వెళ్లాడు. దాదాపు ఐదేళ్లు. ఆ ఐదేళ్లూ మనిషి కనిపించలేదు. గొంతు మాత్రం తిరిగింది. క్యాసెట్లు చేతులు మారాయి. ఒరిజినల్ నుంచి కాపీ, కాపీ నుంచి మరో కాపీ. నాలుగో చేతికి వచ్చేసరికి గొంతు కన్నా టేపు బుస్సుమనే చప్పుడే ఎక్కువ. చెన్నారెడ్డి ప్రభుత్వం వచ్చి నిర్బంధం సడలాక, 1990 ఫిబ్రవరిలో ఆయన బయటికి వచ్చాడు. 20వ తేదీన నిజాం కాలేజీ గ్రౌండ్‌లో సభ. రెండు లక్షల మంది అని అప్పటి నుంచీ చెప్పుకుంటున్నారు. అదే ఏడాది మే నెలలో వరంగల్‌లో రైతు కూలీ సంఘం మహాసభలు జరిగినప్పుడు జనం ఇంకా ఎక్కువ.

పెద్దాయనకు ఆ రోజు లోపలికి వెళ్లడానికి చోటు దొరకలేదు. గేటు దగ్గరే నిలబడ్డాడు. గద్దర్ ఆయనకు కనిపించలేదు. ఇందాక ఆయన ఈ మాట చెప్పినప్పుడు కొందరు అయ్యో అన్నారు. అయ్యో అనాల్సిన పనిలేదు. ఆయన విన్నది ముందు వరుసలో కూర్చున్నవాళ్లు వినలేరు. ‘పాట ముందు నుంచి వెనక్కి నడుచుకుంటూ వచ్చింది’ అన్నాడాయన. అది కవిత్వం కోసం అన్న మాట కాదు, నిజంగానే అలా జరుగుతుంది. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. వేదికకు నూటయాభై మీటర్ల దూరంలో ఉన్నవాడికి మాట దాదాపు అర సెకను ఆలస్యంగా అందుతుంది. వాడు కోరస్ ఎత్తుకునేది అర సెకను తర్వాత. వాడి గొంతు తిరిగి వేదిక దాకా వెళ్లడానికి ఇంకో అర సెకను. అంటే గద్దర్‌కు జనం కోరస్ ఒక్క దెబ్బలో వినిపించదు. ముందు దగ్గరివాళ్లది, తర్వాత మధ్యలో వాళ్లది, చివరికి గేటు దగ్గరివాళ్లది.

మరి దరువు తప్పిపోదా? పెద్దాయన దానికి కూడా జవాబు చెప్పాడు. గద్దర్ ఆగేవాడట. వెనక చివరి గొంతు ఆగేదాకా తర్వాతి పాదం ఎత్తుకునేవాడు కాదట. ఆ ఖాళీలో డప్పు ఒక్కటే నడిచేది. క్యాసెట్‌లో లేని ఖాళీ అది. స్టూడియోలో పాడితే దాని అవసరమే రాదు. గేటు దగ్గర నిలబడ్డ కండక్టర్ తన వంతు పూర్తి చేసేదాకా వేదిక మీద మనిషి ఎదురుచూశాడు. అది ఆ పెద్దాయనకు ఇన్నేళ్లుగా గుర్తుంది. నాకు గద్దర్ గొప్పదనం గురించి చెప్పమంటే ఇదే చెప్తాను. గొంతు బలం ఉన్నవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఆయన అంతకంటే బాగా ఆగగలిగేవాడు.

సినిమాల వల్ల ఆయన పాట తెలిసినవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లను తక్కువ చేయను. 1979 నాటి ‘మా భూమి’లో గొంగడి కప్పుకుని బండెనక బండి పాట పాడింది ఆయనే. అయితే ఆ పాట ఆయన రాసింది కాదు, తెలంగాణ సాయుధ పోరాట కాలంలో యాదగిరి కట్టింది. ఆయన రాసిందే అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ‘ఒరేయ్ రిక్షా’లో అన్న చెల్లెలికి పాడే పాట అటువైపు ఉదాహరణ. రాసింది గద్దర్, పాడింది వందేమాతరం శ్రీనివాస్. దానికి వచ్చిన నంది అవార్డును గద్దర్ తీసుకోలేదు. 2011లో ‘జై బోలో తెలంగాణ’ వచ్చాక పొడుస్తున్న పొద్దు పాటతో ఒక కొత్త తరం ఆయన దగ్గరికి వచ్చింది. ఇందాక మాట్లాడిన తమ్ముడు ఆ తరంవాడే.

తమ్ముడు చెప్పినదాంట్లో ఒక విషయం మనం పట్టించుకోవాలి. సినిమాలో ఆ పాట విని, నోటికి వచ్చేదాకా నేర్చుకుని, సభకు వెళ్లాడు. గద్దర్‌తో పాటు మొత్తం పాడదామని సిద్ధమై ఉన్నాడు. కానీ సభలో ఆయన ఆ పాటను సినిమాలో ఉన్నట్టు పాడలేదు. పాదానికీ పాదానికీ మధ్య మాటలు చేర్చాడు, ఆ ఊరి చెరువు పేరు చేర్చాడు, అక్కడ చనిపోయిన పిల్లల్ని తలుచుకున్నాడు. తమ్ముడు నేర్చుకున్నది పనికి రాలేదు. ‘మొదట చిరాకు వేసింది, తర్వాత పక్కవాళ్లను చూసి వాళ్లు ఎక్కడ అందుకుంటే నేనూ అక్కడ అందుకున్నాను’ అన్నాడు. సభలో పాట వినడమంటే అది. పాట మొత్తం తెలిసినవాడికి అక్కడ ఎక్కువ హక్కేమీ లేదు. పక్కవాడిని చూసి నేర్చుకోవాల్సిందే.

ఇలా పాడటం గద్దర్ ఒక్కడే కనిపెట్టింది కాదని కూడా చెప్పాలి. లేకపోతే మనం అన్యాయం చేసినవాళ్లమవుతాం. ఉత్తరాంధ్రలో సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ చెప్పాడు. నల్గొండ వైపు సుద్దాల హనుమంతు గొల్లసుద్దులు పాడాడు. షేక్ నాజర్ బుర్రకథ ఊగించిన ఊళ్లు ఎన్నో. వంగపండు ప్రసాదరావు గద్దర్‌తో కలిసి జననాట్య మండలిలో ఆడినవాడు, పాడినవాడు. పార్వతీపురం వైపు నుంచి వచ్చిన మిత్రుడొకరు నాతో టీ తాగుతూ ఒక మాట అన్నారు. గద్దర్ సభలో ఏడుపు ఎక్కువ, వంగపండు సభలో కాళ్లు ఆగేవి కావు అని. ఏం పిల్లడో పాట మొదలైతే కూర్చున్నవాడు కూర్చున్నట్టు ఉండడు. ఆ తేడా గురించి వాళ్లు వాళ్ల దగ్గర ఇలాంటి సభ పెట్టి మాట్లాడుకోవాలని నేను కోరుతున్నాను. వంగపండు 2020 ఆగస్టు 4న పోయాడు. ఆయన గజ్జెల చప్పుడు విన్నవాళ్లు కూడా ముసలివాళ్లవుతున్నారు.

ఇంకో మాట, ఇది కొంత బాధతో చెప్తున్నాను. గద్దర్ వెనక నిలబడ్డవాళ్ల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? డప్పు కొట్టినవాళ్లు, డోలక్ వాయించినవాళ్లు, మొదటి కోరస్ అందుకున్న ఆడవాళ్లు. జనం రెండోసారి అందుకోవాలంటే ముందు వాళ్లు అందుకోవాలి. వాళ్లు తడబడితే రెండు లక్షల మందీ తడబడతారు. వాళ్లలో కొందరు తర్వాత ఉద్యమంలో చనిపోయారు, కొందరు ఊళ్లకు వెళ్లి కూలి పని చేసుకున్నారు. ఫొటోల కింద ‘గద్దర్, బృందం’ అని రాసి ఉంటుంది. ఆ బృందం అన్న మాట వెనక ఉన్నవాళ్లు మీ ఊళ్లలో ఎవరైనా ఉంటే వాళ్ల దగ్గరికి వెళ్లండి. మీరు వాళ్ల పక్కన కూర్చుని పాడినవాళ్లే కదా, మీరు అడిగితే వాళ్లు చెప్తారు.

1997 ఏప్రిల్ 6 గురించి ఎక్కువ చెప్పలేను. చెప్పడం నాకు కష్టం. అల్వాల్ వెంకటాపురంలో ఆయన ఇంటి దగ్గరే గద్దర్ మీద కాల్పులు జరిపారు. ఒక తూటాను డాక్టర్లు తీయలేకపోయారు, అది వెన్నెముక దగ్గరే ఉండిపోయింది. చివరిదాకా ఆ ఒంటితోనే ఆడాడు, పాడాడు. కాల్పులకు ముందూ తర్వాతా రెండు కాలాల్లోనూ చూసినవాళ్లు ఇక్కడ ఎందరో ఉన్నారు. ఏం తేడా కనిపించిందని నేను అడిగితే ఒకాయన, ‘గెంతులు తగ్గాయి. ఒక చోట నిలబడి చెయ్యి ఊపడం ఎక్కువైంది. జనం మాత్రం ఇంకా గట్టిగా పాడారు, ఆయన ఆయాసపడకూడదని’ అన్నాడు. జనం అలా అనుకునే పాడారా? నాకు నమ్మకం ఉంది, అలాగే పాడారు. నేనూ అలాగే పాడాను. పల్లవి దగ్గర ఆయనకు కాస్త ఊపిరి తీసుకునే వ్యవధి దొరకాలని గొంతు పెంచాను.

చివరి సంవత్సరాల గద్దర్‌తో మనలో చాలామందికి పేచీ ఉంది. ఆయన గుళ్లకు వెళ్లాడని ఒకరు, పాత దారి వదిలేశాడని ఒకరు. 2018లో మొదటిసారి ఓటు వేశాడు. రాజ్యాంగం పుస్తకం చేతిలో పట్టుకుని తిరిగాడు. 2023 జూన్‌లో గద్దర్ ప్రజా పార్టీ ప్రకటించాడు. ఇక్కడే మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇద్దరు దీని మీద గట్టిగా వాదించుకున్నారు. నేను ఆపలేదు. వాదించుకోవాల్సిందే. అభిమానం అంటే ఆయన చేసినవన్నీ ఒప్పుకోవడమని నేను అనుకోను. ఆయన ప్రతి అడుగునూ నిలదీసిన శ్రోతలు ఆయనకున్నారు. అంత హక్కుగా నిలదీయడం ఎందుకు సాధ్యమైంది? ఆ పాట తాము కూడా పాడినవాళ్లు కాబట్టి. దూరం నుంచి విని చప్పట్లు కొట్టినవాళ్లయితే మామూలుగా మర్చిపోయి ఉండేవాళ్లు. నాకు కూడా కొన్ని విషయాల్లో ఆయన మీద కోపం ఉంది, ఆ కోపం ఆ పాటలు పాడిన గొంతులోంచే వచ్చింది.

2023 ఆగస్టు 6న ఆయన పోయాడు. ఎల్బీ స్టేడియంలో ఉంచారు. నిజాం కాలేజీ గ్రౌండ్ దాని పక్కనే. అక్కడికి వెళ్లినవాళ్లు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. పాటలు ఆగలేదు. ఒక మూల ఒకరు పల్లవి ఎత్తుకుంటే చుట్టూ ఉన్నవాళ్లు అందుకున్నారు. అది అయిపోకముందే ఇంకో మూల ఇంకో పాట. మరుసటి రోజు అల్వాల్‌లో ఆయన పెట్టిన మహాబోధి స్కూల్ ఆవరణలో ఖననం చేశారు. అక్కడికి వెళ్లే దారంతా కూడా ఇదే. నేను చూసినంతలో, ఎత్తుకున్నవాళ్లలో పేరున్న గాయకులు ఉన్నారు, పేరు లేనివాళ్లు ఇంకా ఎక్కువ మంది ఉన్నారు. ముప్పై ఏళ్లు కోరస్ పాడినవాళ్లకు పల్లవి ఎత్తుకోవడం కూడా వచ్చేసిందని ఆ రోజు తెలిసింది.

ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులకు ఆయన పేరు పెట్టింది. 2025 జూన్‌లో మొదటిసారి ఇచ్చారు. సంతోషమే. పేరు నిలుస్తుంది. కానీ సభ ఎలా నడిచిందో అవార్డు చెప్పదు. యూట్యూబ్‌లో ఉన్న వీడియోలు చూడండి, కెమెరా ఎప్పుడూ ఆయన ముఖం మీదే. జనం వైపు తిరిగేది ఎప్పుడో ఒకసారి, అదీ ఎంతమంది వచ్చారో చూపించడానికి. పాడుతున్న నోళ్లు కనిపించవు. మైకు ఆయన దగ్గరే ఉంది కాబట్టి జనం గొంతు గాలిలో కలిసిన గోలలా వినిపిస్తుంది. తీసినవాళ్లను తప్పు పట్టను. గాయకుడిని చూపించాలనే ఎవరైనా అనుకుంటారు.

అందుకే నా విన్నపం ఇది. ఇక్కడ యువకులు ఫోన్లతో వచ్చారు. మీ ఇంట్లో, మీ వీధిలో గద్దర్ సభకు వెళ్లినవాళ్ల దగ్గర కూర్చోండి. గద్దర్ గొప్పవాడా అని అడగకండి, గొప్పవాడనే చెప్తారు, దాని వల్ల మనకు కొత్తగా తెలిసేదేమీ ఉండదు. ఎక్కడ కూర్చున్నావు అని అడగండి. వేదికకు ఎంత దూరం? పక్కన ఎవరున్నారు? ఎలా వెళ్లావు, లారీలోనా, నడిచా, ఎడ్లబండి మీదా? తిరిగి ఇంటికి ఏ వేళకు వచ్చావు? ఏ పాటకు మొదట గొంతు కలిపావు? ఎక్కడ కలపలేదు? ఈ చివరి ప్రశ్న తప్పకుండా అడగండి. సిరిసిల్ల అక్క నాతో విడిగా చెప్పింది, ఒక పాటకు ఆమె ఎప్పుడూ గొంతు కలపలేదట, ఆ పాటలోలాగే వాళ్ల తమ్ముడు పోయాడు కాబట్టి. అందరూ పాడుతుంటే తాను మాత్రం నోరు మూసుకుని కూర్చునేది. అది కూడా ఆ సభలో భాగమే కదా.

తర్వాత, పాడమనండి. చరణం గుర్తు లేకపోయినా పర్వాలేదు, కోరస్ పాడమనండి. వాళ్ల ఊళ్లో ఎలా పాడారో అలాగే రికార్డు చేయండి. ఒకే పల్లవిని ఆదిలాబాద్ వైపు ఒకలా, గుంటూరు వైపు ఒకలా సాగదీస్తారు. ఈ రోజు నలుగురు పాడినప్పుడే ఆ తేడా వినిపించింది. పెద్దాయన ‘మ్మా’ దగ్గర ఆపాడు, మాస్టారు దాన్ని ఇంకా పైకి తీసుకెళ్లారు. ఏది సరైనదని తేల్చే పని మనకొద్దు. రెండూ దాచుకుందాం. తేదీ, ఊరు పేరు, పాడినవాళ్ల వయసు ఫైలు మీద రాయండి. రాయకపోతే పదేళ్ల తర్వాత ఎవరిదో తెలియకుండా పోతుంది.

మూడో వరుసలో చివర కూర్చున్న అమ్మ పొద్దుటి నుంచి ఏమీ మాట్లాడలేదు. కానీ ప్రతి పాటకూ అందరికంటే ముందు అందుకున్నది ఆమే. నేను ఇక్కడి నుంచి చూస్తూనే ఉన్నాను. అమ్మా, నువ్వు ఎక్కడ విన్నావో, ఎవరితో వెళ్లావో మాకు చెప్పాలి. లేచి రావక్కర్లేదు, కూర్చునే చెప్పు. తమ్ముడూ, ఈ మైకు ఆమెకు ఇవ్వు.